నడిచొచ్చాడా, మోసుకొచ్చారా

మొన్న నరసాపురం వెళ్తుంటే పడవ లాకుల దగ్గర ఆగింది. పైనీళ్ళూ కిందినీళ్ళూ సమానమయ్యేదాకా కదలదు కనక ఆడవాళ్ళం గట్టెక్కి తాటాకు పందిరి కింద కూర్చున్నాం. నా పక్కనున్న పెద్దావిడ ఊసుపోక తన వీధి కబుర్లు చెబుతోంది.

"మా ఎదురింట్లో నీళ్ళ డాక్టరుగారని ఒకాయన ఉండేవారండి. పోయిన నెల్లో పోయారు. ఒంటరి మనిషి. ఎవరింటికెళ్ళినా ముందు మంచినీళ్ళ బిందెలోకి తొంగిచూసేవారు. ఏ నీళ్ళండీ ఇవి, ఎక్కణ్ణించి తెచ్చారండీ అని ఒకటే అడగడం. పెళ్ళివారింట్లోనూ అంతే, చావింట్లోనూ అంతే. ఏం చాదస్తమో!" అని నవ్వింది.

పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి నడిచేవారా అని అడిగాను. అవునంది. ఎండాకాలంలో కూడా నల్లకోటుకి మెడదాకా బొత్తాలు పెట్టుకునేవారా? అవునంది. బుగ్గన ఎప్పుడూ లవంగమొగ్గ?

"మీకెలా తెలుసండీ?"

ఒకప్పుడు మా ఊరొచ్చారని మాత్రం అన్నాను. మా ఊళ్ళో ఉన్నప్పుడు ఆయన నీళ్ళ డాక్టరు కాదు. అప్పుడు ఇంకో పేరుండేది. ఆ పేరు పోయి ఈ పేరు ఎలా వచ్చిందో ఆ పందిట్లో కూర్చుని చెప్పబుద్ధి కాలేదు. పడవ కదిలాక కూడా చాలాసేపు నీళ్ళవంకే చూస్తూ కూర్చున్నాను.

మాది మొగల్తూరుకి ఎగువన, కాలవ ఒడ్డునున్న ఊరు. అప్పట్లో ఊరంటే రెండే వీధులు. కాలవ వెంబడి ఉన్నది కాలవవీధి. పొలాలున్న రైతులందరి ఇళ్ళూ అందులోనే, మాదీ అందులోనే. పడమటగా ఇసుక మెరక మీద ఉన్నది మెరకవీధి. అక్కడ చేపల మీద బతికే కుటుంబాలుండేవి. మేం కాలవ నీళ్ళు తాగేవాళ్ళం. వాళ్ళకి కాలవ దూరం కావడంతో ఇసుకలో చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్ళు ముంతతో తోడుకునేవారు. ఆ నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయని మా వీధి ఆడవాళ్ళం వేళాకోళం చేసేవాళ్ళం. గోదారి నీళ్ళు ఇంటిముందు పారుతుంటే చెలమలో దేవుకోవడం ఏం ఖర్మ అనేవాళ్ళం.

నేను కాపరానికొచ్చిన కొత్తలో, ఒక వేసవి చివర కాలవలకి మళ్ళీ నీళ్ళు వదిలారు. ఆ కొత్తనీళ్ళ రోజుల్లోనే ఊళ్ళోకి మరిడి వచ్చింది. ఇప్పటివాళ్ళు కలరా అంటున్నారు. వాంతులూ విరోచనాలతో మనిషి కళ్ళముందే ఎండిపోయేవాడు. మొదట పోయినవాళ్ళలో మా మరిది ఒకడు. పొద్దున్నే నాగలి భుజానేసుకుని బయల్దేరినవాణ్ణి, పొలంగట్టు మీంచి మంచం మీద మోసుకొచ్చారు. పొద్దు వాలేసరికి లేడు. పెళ్ళి కుదిరిన పిల్లాడు. మా అత్తగారు ఏడవలేదు. వాడి తలపాగా ఒళ్ళో పెట్టుకుని మడతపెట్టడం, విప్పడం, మళ్ళీ మడతపెట్టడం, అదే పని.

తర్వాత కొన్నాళ్ళకి సర్కారు ఆస్పత్రినించి ఆయన్ని పంపించారు. పడవలోంచి ముందు మందుల పెట్టె దిగింది, తర్వాత గొడుగు, ఆ గొడుగు కింద ఆయన, వెనకాల ఆయన భార్య. ఆవిణ్ణి చూసి ఊరు నోరెళ్ళబెట్టింది. మరిడి ఉన్న ఊరికి పెళ్ళాన్ని తీసుకొచ్చే మగాడెవరు?

"ఆడవాళ్ళకి రోగమొస్తే నన్ను చెయ్యి వెయ్యనిస్తారాండీ మీరు?" అన్నారాయన మా మావగారితో. "అందుకని ఈవిణ్ణి తెచ్చుకున్నాను. అసలు వైద్యం ఈవిడ చేతుల్లో ఉంది. నేను అరవడానికి వచ్చాను."

"ఆ అరవడం కూడా సరిగ్గా రాదండి ఈయనకి," అందావిడ.

మా సావిట్లో వాళ్ళకి బస ఇచ్చాం. మా కొబ్బరితోటలో పాక వేసి రోగుల్ని అక్కడికి తెమ్మన్నారు. ఎవర్ని తీసుకొచ్చినా పాక గుమ్మంలో నిలబడి ఆయన అడిగే మొదటి మాట ఒకటే: "నడిచొచ్చాడా, మోసుకొచ్చారా?" పేరడగరు, ఎప్పుడు మొదలైందనడగరు. కళ్ళముందు నలుగురు మంచం మోసుకొస్తుంటే కూడా, "ఇంట్లోంచే మోశారా? కొంత దూరమన్నా నడిచాడా?" అని అడిగేవారు. మోశామంటే ముఖం వాడిపోయేది. కొంత నడిచాడంటే గబగబా ఎదురెళ్ళేవారు. కడుపు మండిన వాళ్ళు, "పోయేవాడు ఎలా వస్తే ఈయనకేంటి?" అని తిట్టుకునేవారు. అలా మా ఊళ్ళో ఆయనకి నడిచొచ్చాడా డాక్టరని పేరు పడింది. ఆ పేరు ఆయనకీ తెలుసు. ఒకసారి పిల్లలెవరో వెనకనించి అరిస్తే, తిరిగి చూసి, "నడిచే వచ్చాను!" అన్నారు.

అందరికీ ఆయనంటే కోపమే అనుకోనక్కర్లేదు. రోగి చచ్చిపోతే ఆయన వెంటనే వెళ్ళిపోయేవారు కాదు. కోటు బొత్తాలన్నీ ఒకసారి తడుముకుని, బుగ్గనున్న లవంగమొగ్గ తీసి పారేసి, ఆ ఇంటివాళ్ళ పక్కనే నేలమీద కూర్చునేవారు. మాట్లాడేవారు కాదు. వాళ్ళు లేచేదాకా లేచేవారు కాదు.

నేను రోజూ వాళ్ళిద్దరికీ అన్నం తీసుకెళ్ళేదాన్ని. ఆవిడ నన్ను చెల్లెమ్మా అనేది, నేను అక్కయ్యగారూ అనేదాన్ని. పనిలేని కాసేపూ అరుగు మీద ఇసుక పోసి నాకు అక్షరాలు దిద్దించేది. నేను 'ళ' రాస్తే చుట్ట చుట్టుకున్న పాములా ఉందని పడీపడీ నవ్వేది. చావుల మధ్యన అలా నవ్వే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తప్పుగా అనిపించేది కాదు. ఆ నవ్వు వినపడితే మా అత్తగారు కూడా వీధి గుమ్మందాకా వచ్చి నిలబడేది.

ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను. "బాబుగారూ, ఎలా వచ్చారని ఎందుకండీ అడుగుతారు?"

ఆయనకి ఆ ప్రశ్న అడిగినవాళ్ళు దొరకడమే పండగ. అరుగు మీద నా అక్షరాల ఇసుక ముందు చతికిలబడ్డారు.

"రోగమంతా ఒకటే అనుకుంటాం గాని కాదమ్మాయ్. కంటికి కనపడనంత పురుగది. అందులో కరుకుది ఉంటుంది, మెత్తంది ఉంటుంది. కరుకుది పట్టినవాడు పూటలో మంచానికి అతుక్కుపోతాడు." అరచెయ్యి బోర్లించి అరుగుమీద ఆనించారు. "వీడెక్కడికి వెళ్తాడు? వీడి దగ్గరికి ఎవరొస్తారు? వీడితోపాటే అదీ పోతుంది. మరి మెత్తంది పట్టినవాడు?" రెండో చేతి వేళ్ళు రెండు కాళ్ళలా చేసి అరుగంచున టకటకా నడిపించారు. "వీడు కాస్త వాంతి చేసుకుని, మొహం కడుక్కుని సంతకెళ్తాడు. చుట్టాలింటికెళ్తాడు. వీడితోపాటు మెత్తదీ తిరుగుతుంది. అలా అలా కొన్నాళ్ళకి మిగిలేది మెత్తదే. పోయినేడు సముద్రం ఒడ్డున ఒక పల్లెలో చూశాను. మొదట పడ్డవాళ్ళు పడ్డట్టే పోయారు. చివర్లో వచ్చినవాళ్ళు నాతో దెబ్బలాడి మరీ వలలు లాగడానికి వెళ్ళిపోయారు. అందుకే అడుగుతాను. నడిచొచ్చేవాళ్ళు పెరుగుతున్నారంటే అది మెత్తబడుతోందన్నమాట."

"అంటే దానికి బుద్ధుందాండీ?"

"బుద్ధా! బుద్ధుంటే కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకునేవాళ్ళం కదమ్మాయ్. దానికేమీ తెలీదు, పెరగడం తప్ప."

"ఈయన మాటలు వింటుంటే మరిడి కూడా మర్యాదస్తురాలేమో అనిపిస్తుంది చెల్లెమ్మా," అందావిడ.

గుమ్మంలో నిలబడ్డ మా అత్తగారు అప్పుడు నోరు విప్పింది. కొడుకు పోయాక బయటివాళ్ళతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే. "మెత్తబడేది అదేనంటారా బాబూ? ముందు పోవలసినవాళ్ళంతా పోయి, గట్టివాళ్ళం మిగిలామేమో."

అరుగు మీద నడుస్తున్న వేళ్ళు ఆగిపోయాయి.

"అదీ కావచ్చునమ్మా. ఏది నిజమో నాకు తెలీదు. కాని జనానికి ధైర్యం చెప్పడానికి నా దగ్గర ఇంకోటి లేదు."

అలాగే ధైర్యం చెబుతూ వచ్చారు. ఇంటింటికీ తిరిగి, మొదట్లో ఉన్నంత కరుగ్గా చివరిదాకా ఉండదు, కాస్త ఓర్చుకోండి అనేవారు. నీళ్ళు కాచుకు తాగమని కూడా చెప్పేవారు గాని, ఇంటిల్లిపాదికీ తాగే నీళ్ళు కాచాలంటే అన్ని పుల్లలెక్కడివి? వినేవాళ్ళు తక్కువ. వాళ్ళిద్దరికి మాత్రం ఆవిడ రోజూ కాచి, కుండలో పోసి, మూత మీద గుడ్డ కట్టేది.

నిజంగానే కొన్నాళ్ళకి నడిచొచ్చేవాళ్ళు కనపడ్డారు. ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. చేపలమ్ముకునే ఆవిడ ఖాళీ గంప నెత్తిన పెట్టుకునే వచ్చి, కాసేపు పడుకుని, గంప తీసుకుని వెళ్ళిపోయింది. మోసుకొచ్చేవాళ్ళు లేరని కాదు, ఉన్నారు. కాని ఆయన కళ్ళు నడిచొచ్చేవాళ్ళ మీదే ఉన్నాయి. ఆ సాయంత్రం కోటు పై బొత్తాం విప్పుకుని కూర్చున్నారు. అలా నేను చూడ్డం అదొక్కసారే. "ఇంక భయం లేదు. మెత్తబడింది," అన్నారు భార్యతో. పసివాడిలా ఉంది ఆ ముఖం.

ఆవిడ ఆ మాట నమ్మింది. ఆయన చెప్పిన ఏ మాటనైనా నవ్వుతూ వెక్కిరించేది గాని, నమ్మకుండా ఎప్పుడూ లేదు.

మా వీధి చివర ఒక బాలింత ఉండేది. ఆమెకి మరిడి సోకిందని కబురొస్తే అక్కయ్యగారు వెళ్ళింది. పసిబిడ్డని పక్కింటికి పంపించి, తల్లికి రోజంతా గంజినీళ్ళు పట్టింది. ఎండ మండిపోతోంది. ఆ ఇంటి ముసలావిడ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చిందట. పొద్దున్నించీ కాలునిలపకుండా చేసిన మనిషికి ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఇంకేముంది? ఆవిడ తాగింది. కాదంటే ఆ ముసలావిడ ముఖం చిన్నబోతుందనుకుందో, ఇంక భయం లేదని ఆయన చెప్పిన మాటే చెవిలో ఉందో!

ఆ మర్నాడు కాదు, ఆ తర్వాతి రోజు పొద్దున నేను సావిట్లోకి వెళ్ళేసరికి గోడకి ఆనుకుని కూర్చునుంది. పెదాలు తెల్లబడిపోయాయి. కళ్ళు లోపలికి పోయాయి. ఆయన అప్పటికే పాక దగ్గరికి వెళ్ళిపోయారు. నేను కేక పెట్టబోతే చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"అరవకు చెల్లెమ్మా. మంచం తెప్పించకు. నడిచే వెళ్తాను."

"ఎలా నడుస్తారండీ, నిలబడలేకపోతున్నారు!"

"నన్ను మోసుకొస్తే ఆయన చూళ్ళేరు."

మా పెరటి దారిన కొబ్బరితోట ఎంతో దూరం లేదు. ఆ దూరానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు. బరువంతా నా భుజం మీద వేసి, చెట్టుచెట్టుకీ ఆగి, మళ్ళీ నడిచింది. పాక కనపడేసరికి నా భుజం మీంచి చెయ్యి తీసేసింది. కొంగు సవరించుకుంది. "నువ్వు వెనకాల రా," అంది.

ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. తోటలోంచి ఒక్కతీ నడిచి వస్తున్న భార్యని చూశారు. ఏదో పనిమీద వస్తోందనుకున్నారు ముందు. ఆ తర్వాత ముఖం చూసి అర్థమైంది. ఒక అడుగు ముందుకేసి ఆగిపోయారు.

"నడిచే వచ్చానండి. చూశారా?" అందావిడ.

ఆ క్షణంలో ఆయన ముఖంలోకి వచ్చిన వెలుగుని నేను మర్చిపోలేను. "నడిచొచ్చావు కదూ!" అన్నారు. "నడిచొచ్చావు. ఏం ఫరవాలేదు. ఏం ఫరవాలేదు." ఆ మాట పూర్తయ్యేలోపల ఆవిడ మోకాళ్ళు ముడుచుకుపోయాయి. ఆయన పట్టుకున్నారు.

దీపాలు పెట్టేవేళకి ఆవిడ పోయింది. మొదట్లో వచ్చిన మరిడికీ దానికీ ఏ తేడా లేదు. మా మరిది ఎలా పోయాడో అలాగే పోయింది. పోయేముందు గొంతు రాలేదు. నా అరచేతిలో వేలితో ఏదో రాయబోయింది. నాకప్పటికి అక్షరాలు సగమే వచ్చు. అది ఏంటో నాకు తెలీలేదు.

ఈసారి ఆయన పక్కన నేలమీద కూర్చున్నది మా అత్తగారు.

ఊరంతా కదిలి ఆవిణ్ణి సాగనంపింది. తర్వాత ఆయన వెళ్ళిపోతారనుకున్నాం. వెళ్ళలేదు. పాకలో రోగుల్ని చూస్తూనే ఉన్నారు. కాని గుమ్మంలో నిలబడి అడిగే ఆ మాట మానేశారు. ఎవరొచ్చినా చూసి, పక్కకి తప్పుకుని దారిచ్చేవారు. అదివరకు ఆ మాటకి తిట్టుకున్నవాళ్ళకే ఆ మౌనం భరించరానిదైపోయింది.

ఇంకో వింత పని మొదలుపెట్టారు. పొద్దున్నే వచ్చి మా వీధి రేవులో కూర్చునేవారు. అది ఆడవాళ్ళ రేవు. స్నానాలు చేస్తాం, బట్టలుతుకుతాం, బిందెలు ముంచుకుంటాం. మగవాళ్ళు అటు తొంగిచూడరు. "పెళ్ళాం పోయి మతి పోయిందమ్మా పాపం," అన్నవాళ్ళు కొందరు, "మతి పోతే మాత్రం ఆడవాళ్ళ రేవులో ఏం పని?" అన్నవాళ్ళు కొందరు. చివరికి నన్ను పంపించారు, మీ ఇంట్లో ఉండే మనిషి కాబట్టి నువ్వే చెప్పమని.

నేను వెళ్ళి, "బాబుగారూ, ఇక్కడ కూర్చోకూడదండి," అన్నాను.

ఆయన వినలేదు. ఎగువ వైపు చూస్తున్నారు. అక్కడ ఒకామె దుప్పటి జాడిస్తోంది. "అది ఎవరింటి దుప్పటమ్మాయ్?" అని అడిగారు.

చెప్పాను. ముందురోజు పాకకి మోసుకొచ్చిన మనిషి పక్కమీద దుప్పటి.

ఆ దుప్పటి జాడించిన చోటికి కాస్త దిగువనే ఇంకొకామె బిందె ముంచుతోంది. రోజూ మేం చూసేదే. నేనూ అలా ముంచినదాన్నే. ఆయన మెట్టుమీద అరచెయ్యి బోర్లించి పెట్టారు, ఆరోజు అరుగుమీద పెట్టినట్టే. ఆ చేతిని అలా బోర్లించే ఉంచి, నెమ్మదిగా మెట్టు పొడుగునా ముందుకి జరిపారు.

"పడుకునే వెళ్తోందమ్మాయ్," అన్నారు. "దానికిక్కడ మనిషి కాళ్ళతో పని లేదు. మనిషి పడుకున్నా కాలవ నడుస్తోంది."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పుకుపోయారు, నాకు చెబుతున్నట్టు కూడా కాదు. "నడిచొచ్చినవాళ్ళు ఎవరు? కర్ర పట్టుకొచ్చిన ముసలాయన, గంప పెట్టుకొచ్చిన ఆవిడ, అందరూ మెరకవీధివాళ్ళు. చెలమ నీళ్ళు తాగేవాళ్ళు. అక్కడ ఎవరి చెలమ వాళ్ళది. అక్కడ అది ఇల్లు మారాలంటే మనిషి లేచి తిరగాలి. మనిషిని పడగొడితే దానికే దారి మూసుకుపోతుంది. మోసుకొచ్చినవాళ్ళంతా మీ వీధివాళ్ళు. ఇక్కడ మనిషిని ఎంత తొందరగా పిండేస్తే అంత ఎక్కువగా గుడ్డల్లోకి, గుడ్డల్లోంచి నీళ్ళలోకి, నీళ్ళలోంచి కింది ఇంటి బిందెలోకి. దానికి మెత్తబడవలసిన అవసరమేముంది? ఎలా వచ్చారని అందర్నీ అడిగాను. ఎక్కణ్ణించి వచ్చారని ఒక్కర్నీ అడగలేదు."

రేవులో ఆడవాళ్ళు చేతిలో పని ఆపి చూస్తున్నారు. ఆయన లేచి, కోటు బొత్తాలు తడుముకుంటూ, మెట్లెక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే మా ఇంటి ముందు పెద్దలందర్నీ కూర్చోబెట్టారు. కాలవ నీళ్ళు తాగడం మానెయ్యాలి, రోగుల గుడ్డలు కాలవలో ఉతక్కూడదు, కాల్చెయ్యాలి అన్నారు. పెద్ద గొడవైంది.

"గోదారమ్మ నీళ్ళలో రోగముందంటారా మీరు?" అని మునసబుగారు లేచి నిలబడ్డారు. "ఈ కాలవ రాబట్టి కదండీ మేం నాలుగు మెతుకులు తింటున్నాం!"

"నీళ్ళలో పుట్టలేదండీ, మనమే కలుపుతున్నాం," అన్నారాయన. "నేను మిమ్మల్ని మోసం చేశాను. మెత్తబడిందని చెప్పాను. మా ఇంటావిడకీ అదే చెప్పాను. మెత్తబడలేదు. ఈ నీళ్ళు తాగినంతకాలం మెత్తబడదు."

అప్పుడు మా అత్తగారు గుమ్మం దాటి వీధిలోకి వచ్చింది. మగవాళ్ళ మధ్యకి ఆవిడ అలా రావడం ఎన్నడూ లేదు.

"ఈ కాలవ తవ్వినప్పుడు నేను చిన్నపిల్లని. మా అమ్మ వెనకాల మట్టి తట్ట మోశాను. దీని మీద నాకున్న ప్రేమ మీలో ఎవరికీ లేదు," అంది. "చేలకి వాడుకుందాం. తాగొద్దు. రేపట్నించి మా ఇంటి బిందె మెరకకి వెళ్తుంది." అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు నేనూ ఆవిడా బిందెలు పట్టుకుని మెరకవీధికి వెళ్ళాం. మేం అన్నాళ్ళూ వేళాకోళం చేసిన ఆడవాళ్ళే చెలమల దగ్గర పక్కకి జరిగి చోటిచ్చారు. ఒక్కరు కూడా ఒక్క మాట అనలేదు. మాతో మొదలై ఒక్కొక్క ఇల్లే వచ్చింది. తర్వాత మా మగవాళ్ళు మెరకలో లోతుగా తవ్వి, కుమ్మరి కాల్చిన మట్టి వరలు దించి బావి కట్టారు. పాకకి వచ్చే మంచాలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి.

నీళ్ళు మానబట్టే ఆగిందాండీ అని మా మావగారు అడిగితే, "అలా అనుకుంటున్నాను. అంతకుమించి చెప్పలేను," అన్నారు. అంతకుముందు ఉన్న ఆ ధీమా ఆయన మాటలో మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

వెళ్ళేరోజు పడవ దగ్గర నాతో, "అక్షరాలు మానకమ్మాయ్. ఆవిడ సగంలో వదిలింది," అన్నారు. మానలేదు.

ఏళ్ళు గడిచాయి. మా అమ్మాయికి ఊహ తెలిశాక ఒకసారి ఊళ్ళోకి మళ్ళీ మరిడి వచ్చింది. పిల్ల పడింది. ఇల్లంతా కంపించిపోయాం. రెండుమూడు వాంతులు చేసుకుంది, ఒక రాత్రి పడుకుంది, తెల్లారి లేచి ఆకలేస్తోందంది. మా వీధిలో పడ్డ మిగతావాళ్ళూ దాదాపు అలాగే లేచారు. మొదటిసారి చూసినవాళ్ళం ఎవరమూ నమ్మలేకపోయాం.

మా అత్తగారు పెద్దాపురం మరిడమ్మ తల్లికి మొక్కుకుంది. ఆషాఢంలో జాతరకి పిల్లని తీసుకుని వెళ్ళాం. అత్తగారూ పిల్లా దర్శనానికి వరసలో నిలబడ్డారు. నేను నీళ్ళకోసమని చలివేంద్రం వైపు వెళ్తే అక్కడ, నీళ్ళ కుండల వరస ముందు, అదే నల్లకోటు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఒక్కొక్క కుండ మూతా తీసి చూస్తున్నారు. కుండలు నింపేవాడు విసుక్కుంటున్నా పట్టించుకోకుండా, "ఏ నూతివి బాబూ ఇవి? కాచారా?" అని అడుగుతున్నారు.

నేనెవరో చెప్పుకున్నాను. గుర్తుపట్టారు. ఇంట్లో అందర్నీ పేరుపేరునా అడిగారు. నేను ఆగలేకపోయాను. మా అమ్మాయి సంగతి చెప్పేశాను. "ఇప్పుడంతా చెలమ నీళ్ళూ, బావి నీళ్ళేనండి. కాలవ నీళ్ళు ఎవరూ ముట్టరు. ఈసారి పడ్డవాళ్ళంతా నడిచే తిరిగారండి. మీరు మొదట్లో అన్నట్టే అయింది. మెత్తబడిందండి," అన్నాను.

ఆయనకి సంతోషం కలుగుతుందనుకున్నాను. సన్నికల్లు మీద చెయ్యి నలిగినవాడిలా కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరిచేసరికి కళ్ళనిండా నీళ్ళు.

"పిల్ల బాగుందా?"

"బాగుందండి. వరసలో నిలబడింది వాళ్ళ నాయనమ్మతో."

"అదే చాలు." దగ్గరికొచ్చి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించి అన్నారు: "అది మెత్తబడిందని మాత్రం ఎవరితోనూ అనకమ్మాయ్. నిజమే అయినా సరే, అనకు. ఆ మాట విన్న మనిషి చెంబెత్తి తాగేస్తుంది."

అని తర్వాతి కుండ దగ్గరికి వెళ్ళి మూత తీశారు. నేను అక్కడ నిలబడే ఉన్నాను గాని, ఆయన మళ్ళీ వెనక్కి తిరగలేదు.

దర్శనమయ్యాక అత్తగారు బొట్టు పెట్టుకుని, పిల్లకి పెట్టి, నాకు పెడుతూ నా ముఖం చూసింది. "ఏమైందే?" అంది. డాక్టరుగారు కనపడ్డారని చెప్పాను. ఆవిడ చెయ్యి నా నుదుటి మీదే ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"నీళ్ళు కాచుకుని తాగమన్నారు," అన్నాను.